శిక్షణలో నేర్చింది స్కూలు కంటికి ఆనాలంటే

ఉపాధ్యాయ శిక్షణ ముగిసేసరికి చేతిలో సర్టిఫికెట్టు, మార్కుల జాబితా, అట్టలేసిన నాలుగైదు రికార్డులు ఉంటాయి. ఉద్యోగం ఇవ్వబోయే స్కూలు మనసులో ఉండేది మాత్రం ఒకటే ప్రశ్న: ఈ మనిషిని రేపు 7వ తరగతిలోకి పంపితే పిల్లలకు పాఠం వస్తుందా? ఆ రికార్డులు ఎన్నిసార్లు తిరగేసినా దీనికి జవాబు దొరకదు. వాటిలో ఉండేది టీచరు ఏం చేయాలనుకున్నదీ, ఏం చేసిందీ. పిల్లలకు ఏమైందో ఉండదు.

శిక్షణకూ ఉద్యోగానికీ మధ్య ఉన్న ఎడం ఎక్కువ భాగం ఇదే. దాన్ని పూడ్చడానికి కొత్త కోర్సేమీ అక్కర్లేదు. శిక్షణలో ఎలాగూ చేయాల్సిన పనులనే కొంచెం మార్చి చేస్తూ, ప్రతిదాని నుంచీ పిల్లలు నేర్చుకున్నారని చూపే ఆనవాలు ఒకటి దాచుకుంటే చాలు. కోర్సు మొదట్లోనే మొదలుపెడితే తేలిక. చివరి నెలలో మొదలుపెట్టినవాళ్లకు ఆనవాళ్లు దొరకవు, ఎందుకంటే అప్పటికి టీచింగ్ ప్రాక్టీస్, అంటే స్కూళ్లకు వెళ్లి పాఠాలు చెప్పే దశ, అయిపోయి ఉంటుంది.

అర్హత వేరు, ఎంపిక వేరు

ఈ రెండింటినీ కలిపి చూడటం వల్ల చాలామంది నష్టపోతారు. అర్హత అనేది తలుపు. అది తెరుచుకోకపోతే లోపల మీరెంత బాగా చెప్పగలరో ఎవరూ చూడరు. ప్రైమరీ తరగతులకు ఇచ్చే శిక్షణతో హైస్కూలు పోస్టుకు వెళ్లడం, డిగ్రీలో చదవని సబ్జెక్టును శిక్షణలో మెథడాలజీగా (బోధించడం నేర్చుకునే సబ్జెక్టుగా) తీసుకోవడం, ఆ పోస్టుకు చెల్లని అర్హత పరీక్ష ఫలితాన్ని జతచేయడం, గుర్తింపు లేని సంస్థలో చేరడం. దరఖాస్తులు మొదటి వడపోతలోనే పోయేది సాధారణంగా ఈ నాలుగు కారణాల వల్ల. నియమాలు దేశానికీ రాష్ట్రానికీ, ఒక్కోసారి బోర్డుకీ మారతాయి కాబట్టి నోటిమాట నమ్మకండి. మీరు పనిచేయాలనుకునే చోటి తాజా నియామక ప్రకటన తెచ్చుకుని, అందులో అర్హతల పేరాలో ఉన్న ఒక్కో మాట పక్కన మీ దగ్గరున్న కాగితం పేరు రాయండి. ఏ మాట పక్కన ఖాళీ మిగిలిందో అది కోర్సులో చేరకముందే తెలియాలి. చేరిపోయి ఉంటే, మెథడాలజీ సబ్జెక్టు మార్చుకునే గడువు దాటకముందైనా తెలియాలి.

ఆ తర్వాత ఎంపిక సంగతి. మీరు వెళ్లాలనుకునే రకం స్కూళ్ల ప్రకటనలు 15 నుంచి 20 వరకు పోగుచేయండి. అంతకంటే తక్కువైతే ఒక్క స్కూలు అలవాటునే అందరి అవసరమనుకునే ప్రమాదం ఉంది. ఒక పెద్ద కాగితం మీద గళ్లు గీసి సబ్జెక్టు, తరగతులు, బోధనా మాధ్యమం, ఎంపికలో ఉండే దశలు, బోధన కాక అప్పగించే పనులు రాసుకోండి. చివరి గడిని నిర్లక్ష్యం చేయకండి. క్లాస్ టీచర్ బాధ్యత, తల్లిదండ్రులతో సమావేశాలు, ఆన్‌లైన్‌లో మార్కుల నమోదు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు సాయం లాంటివి ప్రకటన అడుగున ఒక్క ముక్కలో ఉంటాయి. శిక్షణలో వీటికి దొరికే సమయం చాలా తక్కువ, ఇంటర్వ్యూలో వీటి మీద వచ్చే ప్రశ్నలు మాత్రం ఎక్కువ.

ఇప్పుడు మీ శిక్షణ సిలబస్ పక్కన పెట్టుకుని, ప్రకటనల్లో 5 కంటే ఎక్కువసార్లు కనిపించిన ప్రతి అంశానికీ మూడు గుర్తుల్లో ఒకటి వేయండి: శిక్షణలో బాగా దొరికేది, పేరుకు మాత్రమే ఉన్నది, అసలు లేనిది. మూడో గుర్తు పడినవి మీరు సొంతంగా సంపాదించుకోవాల్సినవి. రెండో గుర్తు పడినవే అసలు ప్రమాదం, ఎందుకంటే అవి వచ్చేసినట్టే అనిపిస్తాయి.

సబ్జెక్టు: అందరూ వచ్చనుకునే చోటు

శిక్షణ కళాశాలలు సబ్జెక్టు మీకు వచ్చన్న నమ్మకంతో మొదలవుతాయి. స్కూళ్లు ఆ నమ్మకం పెట్టుకోవు. రాత పరీక్ష పెట్టినా పెట్టకపోయినా, డెమోలో (ఎంపిక కోసం స్కూలు చెప్పించే నమూనా పాఠంలో) మొదటి 3 నిమిషాల్లో సబ్జెక్టు లోతు బయటపడిపోతుంది. డిగ్రీలో చదివింది ఇక్కడ పెద్దగా ఉపయోగపడదు. మీరు బోధించబోయే తరగతి పుస్తకంలో ప్రతి అభ్యాసమూ చేయాలి. దానికి పై తరగతి పుస్తకం ఒకటి, కింది తరగతులవి రెండు కూడా చేయాలి. పైది ఎందుకంటే, ఈ పాఠం ఎటు వెళ్తుందో తెలియని టీచరు తర్వాత తప్పయిపోయే సూత్రాలు నేర్పుతారు. ‘గుణిస్తే సంఖ్య పెరుగుతుంది’ అన్నది అలాంటిదే. పూర్ణ సంఖ్యల దగ్గర చెల్లినట్టు కనిపించి భిన్నాల దగ్గర పిల్లవాణ్ణి బోల్తా కొట్టిస్తుంది. కిందవి ఎందుకంటే పిల్లలు ఆగిపోయేది చాలాసార్లు అక్కడే.

సబ్జెక్టు తెలియడం, పిల్లలను నడిపించడం తెలియడం, ఈ రెండింటి నడుమ మూడో తెలివిడి ఒకటి ఉంది. ఫలానా పాఠంలో పిల్లలు ఎక్కడ, ఎందుకు తప్పు పడతారో, దాన్ని ఏ ఉదాహరణతో విప్పాలో తెలియడం. అమెరికా విద్యావేత్త లీ షుల్మన్ 1986లో దీనికి పెడగాజికల్ కంటెంట్ నాలెడ్జ్ అని పేరు పెట్టారు. పేరు ఇంటర్వ్యూలో చెప్పనక్కర్లేదు. ఆ తెలివిడి మాత్రం చూపాలి, ఎందుకంటే అనుభవమున్న ప్రిన్సిపాల్ కొత్తవాళ్లలో వెతికేది దాన్నే.

దానికి సాధన ఇలా. మీ సబ్జెక్టులో 20 పాఠాలు ఎంచుకోండి. ఒక్కోదానికి అర పేజీ చాలు: పిల్లలు చేసే తప్పు ఏమిటి, వాళ్ల లెక్కలో అది ఎందుకు సరైనదనిపిస్తుంది, ఏ ప్రశ్న అడిగితే ఆ తప్పు బయటికొస్తుంది, ఏం చూపిస్తే కదులుతుంది. ఉదాహరణకు 1/3 + 1/4 = 2/7 అని రాసే పిల్లవాడు లవాలను లవాలతో, హారాలను హారాలతో కూడాడు. గుణకారంలో అలాగే చేస్తాం కాబట్టి కూడికలోనూ అంతే అనుకున్నాడు. ‘తప్పు, కసాగు తీసుకో’ అంటే ఆ రోజుకు దిద్దుకుంటాడు, వారం తర్వాత మళ్లీ అదే రాస్తాడు. అదే 2/7 ఎక్కువా, 1/3 ఎక్కువా అని అడిగి, రెండు పట్టీల మీద రంగు వేయించండి. 1/3కి ఇంకొంత కలిపితే అంతకంటే తక్కువ వచ్చిందని వాడే కనిపెడతాడు. మొక్కలు ఆహారాన్ని మట్టిలోంచి తీసుకుంటాయనుకోవడం, సూర్యుడికి దగ్గరైనప్పుడు ఎండాకాలం వస్తుందనుకోవడం సైన్సులో ఇలాంటివి. ఈ 20 అర పేజీలు మీ దగ్గరుంటే ఇంటర్వ్యూలో వచ్చే ప్రశ్నల్లో సగం వాటి మీదుగానే జవాబు చెప్పుకోవచ్చు.

బోధనా మాధ్యమం గురించి ఒక మాట. ఒక భాషలో శిక్షణ పొంది వేరే భాషా మాధ్యమంలో బోధించబోయేవాళ్లు పారిభాషిక పదాలు బట్టీ పడితే సరిపోతుందనుకుంటారు. తడబడేది పదాల దగ్గర కాదు, వాటిని కలిపే చిన్న వాక్యాల దగ్గర: ‘ఇద్దరిద్దరు కలిసి చూసుకోండి’, ‘ఎందుకలా అనుకున్నావు’, ‘ఇంకొకలా చెప్పగలరా’. ఇలాంటి 50 వాక్యాలు ఆ భాషలో నోటికి వచ్చేదాకా పలకండి.

టీచింగ్ ప్రాక్టీస్‌ను వాడుకునే తీరు

స్కూలుకు చూపించగల ఆనవాళ్లు పుట్టేది ఇక్కడే. మీకు ఏ తరగతులు కావాలో చెప్పే అవకాశం ఉంటే, ప్రకటనల్లో ఎక్కువగా కనిపించిన తరగతులే అడగండి. క్రమశిక్షణ బాగున్న సెక్షన్ ఇస్తామంటే మురిసిపోకండి. మామూలు సెక్షన్‌లో చేసిన పనికే విలువ.

శిక్షణ రికార్డులో ఒక్క పీరియడ్ లెసన్ ప్లాన్ 6 నుంచి 8 పేజీలు ఉంటుంది. లక్ష్యాలు, స్పష్టీకరణలు, ఉపాధ్యాయ కృత్యం, విద్యార్థి కృత్యం, మూల్యాంకనం అంటూ గళ్లు. ఆలోచన నేర్పడానికి అది మంచిదే. రోజుకు 5, 6 పీరియడ్లు చెప్పేవాళ్లు దాన్ని రాయలేరని స్కూలుకు తెలుసు, అందుకే వాళ్లు అడిగేది యూనిట్ ప్లాన్ (ఒక పాఠ్యాంశం మొత్తానికి కలిపి ప్రణాళిక), దాని కింద రోజుకు అర పేజీ. రికార్డు ఎలాగూ రాయాలి కాబట్టి రాయండి. రాసిన ప్రతిసారీ పక్కనే ఒక కార్డు మీద 4 వాక్యాలు రాసుకోండి: ఈ రోజు పిల్లలకు ఏం రావాలి, మొదటి ప్రశ్న ఏది, ఎక్కడ తప్పు పడతారు, వచ్చిందని ఎలా తెలుస్తుంది. నెల రోజుల్లో ఆ కార్డే మీ అసలు లెసన్ ప్లాన్ అవుతుంది.

కనీసం ఒక యూనిట్‌ను మొదటినుంచీ చివరిదాకా మీరే చెప్పేలా అడిగి తీసుకోండి. ఇక్కడో పాఠం అక్కడో పాఠం చెబితే ఒక్కో గంట బాగా గడుస్తుంది గానీ, మీ బోధనతో పిల్లలు ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చారో తెలియదు. 38 మంది ఉన్న క్లాసులో, హారాలు వేరుగా ఉన్న భిన్నాల కూడికకు 40 నిమిషాల పీరియడ్లు 8 దొరికాయనుకోండి. మొదటిది పిల్లలకు ఇప్పటికే ఏం వచ్చో తెలుసుకోవడానికి. 2, 3 సమాన భిన్నాలకు. 4వది హారాలు ఒకటి కావాల్సిన అవసరం ఏమిటన్నదానికి, దీన్ని తొందరపెట్టకూడదు. 5, 6 సాధనకు. 7వదానికి ఏమీ రాయకండి. ఏదో ఒక పీరియడ్ పోతుంది, లేదా 4వ రోజు పాఠం సగంలో ఆగుతుంది, అప్పుడు పనికొస్తుంది. 8వది 5 ప్రశ్నల చిన్న పరీక్ష. మొదటి రోజు అడిగిన ప్రశ్నల రకమే ఇందులోనూ ఉంచితే, 38 మందిలో ముందు ఎంతమందికి వచ్చో, తర్వాత ఎంతమందికి వచ్చిందో మీ చేతిలో ఉంటుంది. ఎవరికి రాలేదో కూడా. రాని పిల్లల గురించి మీరు చెప్పగలిగే రెండు ముక్కలు, వచ్చినవాళ్ల లెక్క కంటే ఇంటర్వ్యూ చేసే ప్యానెల్‌ను ఎక్కువ ఆకట్టుకుంటాయి.

ప్రతి యూనిట్ నుంచి మూడు కాగితాలు దాచండి: ప్లాన్, ముగ్గురు పిల్లల రాతపనుల నకళ్లు (బాగా వచ్చినవాళ్లది, నడుమనున్నవాళ్లది, తడబడినవాళ్లది), ఆ రాతలు చూశాక మీరు మార్చిన ప్లాన్. నకళ్ల మీద పేర్లు, రోల్ నంబర్లు కనిపించకుండా చేయాలి. స్కూలు అనుమతి తీసుకోవాలి. పిల్లల ఫొటోలు పెట్టకండి. ఫొటోలతో నిండిన ఫైలు చూసి, పిల్లల గోప్యత మీద మీకు పట్టింపు లేదని అనుకునే స్కూళ్లు ఉన్నాయి. వాళ్లు అనుకునేది సరైనదే.

ఇక శిక్షణలో ఎవరూ చూపించనివి మూడున్నాయి. మొదటిది పనిభారం. ప్రాక్టీస్‌లో రోజుకు ఒకటో రెండో పీరియడ్లు ఉంటాయి. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో గొంతు పోవడం, నోటుబుక్కులు గుట్టపడటం అందుకే. ఒక్క వారమైనా మీ మార్గదర్శక టీచరు టైం టేబుల్ మొత్తం మీరు నడవండి. పాఠం మీరు చెప్పినా చెప్పకపోయినా ప్రతి పీరియడ్‌లోనూ గదిలో ఉండండి. నోటుబుక్కుల లెక్క కూడా వేసి చూడండి: 5 సెక్షన్లు, ఒక్కోదాంట్లో 40 మంది అంటే 200 పుస్తకాలు. పుస్తకానికి 2 నిమిషాలు చొప్పున 400 నిమిషాలు, అంటే ఒక్క విడతకు 6 గంటల 40 నిమిషాలు. ‘అన్నీ శ్రద్ధగా దిద్దుతాను’ అన్న జవాబు వింటే ప్యానెల్‌లో ఉన్న టీచర్లకు మీరు ఇంకా లెక్క వేయలేదని అర్థమవుతుంది. అన్ని పుస్తకాల్లో ఒక్క కీలకమైన లెక్కను మాత్రం నిశితంగా చూడటం, తప్పుల రకాలకు గుర్తులు పెట్టుకుని పిల్లలతోనే సరిచేయించడం, వారానికి ఒక సెక్షన్‌ను పూర్తిగా దిద్దడం లాంటి ఏర్పాటు మీరే చేసి చూసి ఉంటే, దాని గురించి చెప్పండి.

రెండోది గది అదుపు. ప్రాక్టీస్‌లో మీ క్లాసు నిశ్శబ్దంగా ఉందంటే, అది చాలావరకు వెనక బెంచీలో కూర్చున్న అసలు టీచరు వల్ల. చివరి రెండు వారాల్లో ఆయన్నో ఆమెనో గుమ్మం బయట, పిలిస్తే వినపడేంత దూరంలో కూర్చోమని అడగండి. మొదటి రోజు గోల అవుతుంది. ఆ గోలలోంచే పనికొచ్చేవి నేర్చుకుంటారు: పుస్తకాలు పంచేది ఎవరు, ముందే ముగించినవాళ్లు ఏం చేయాలి, అందరూ ఆగి వినాలంటే మీరిచ్చే సైగ ఏమిటి. ఈ మూడూ ముందే తేల్చి, పిల్లలచేత రెండు మూడుసార్లు చేయిస్తే కేకలు వేసే అవసరం చాలా తగ్గుతుంది.

మూడోది విద్యా సంవత్సరం మొదటి వారం. ప్రాక్టీస్ దాదాపు ఎప్పుడూ సంవత్సరం మధ్యలో వస్తుంది, అప్పటికి అలవాట్లన్నీ కుదిరిపోయి ఉంటాయి. ఉద్యోగంలో చేరేది మాత్రం సాధారణంగా మొదటి రోజున. వీలైతే స్కూళ్లు తెరిచే వారంలో, అనుమతి తీసుకుని 3 రోజులు వెళ్లి ఒక మంచి టీచరు మొదటి పీరియడ్లలో ఏం చేస్తారో రాసుకోండి. దీనికి మార్కులు రావు గానీ ‘మొదటి వారం ఏం చేస్తారు’ అన్న ప్రశ్న ఇంటర్వ్యూలో తరచూ వస్తుంది.

మైక్రోటీచింగ్, డెమో

1960ల మొదట్లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ ఆలెన్, ఆయన సహచరులు మైక్రోటీచింగ్‌ను రూపొందించారు. కొద్దిమందికి, 5 నుంచి 10 నిమిషాలు, ఒక్క నైపుణ్యం మీద పాఠం చెప్పడం, లోపాలు విని మార్చుకోవడం, మళ్లీ చెప్పడం. ఇందులో ప్రాణం ‘మళ్లీ చెప్పడం’లో ఉంది. చాలా శిక్షణ సంస్థల్లో సమయం చాలక కత్తిరించేసేదీ దాన్నే. మీరు వదలకండి. ఇద్దరు స్నేహితులను కూర్చోబెట్టుకుని, ఫోన్‌లో రికార్డు చేసి, చూసి, అదే ముక్కను తిరిగి చెప్పండి. స్కూలు పెట్టే డెమో కూడా 10 నుంచి 20 నిమిషాలే కాబట్టి ఇంతకంటే సూటి తయారీ లేదు.

డెమోకు పిలిచిన రోజే స్కూలును ఈ సంగతులు అడగండి: ఏ తరగతి, ఎంతమంది, ఎన్ని నిమిషాలు, ఈ అంశంలో ఇప్పటికి ఏం అయింది, కూర్చునేది నిజంగా పిల్లలా లేక టీచర్లే పిల్లల్లా నటిస్తారా, బోర్డు మాత్రమేనా ఇంకేమైనా ఉందా. అడగడం వల్ల నష్టం లేదు. అడిగినవాళ్లు పిల్లల గురించి ఆలోచిస్తున్నారని స్కూలుకు అర్థమవుతుంది.

తర్వాత అంశాన్ని కుదించండి. ‘దశాంశాలు’ అని ఇస్తే అంతా చెప్పబోయి ఎక్కువమంది దెబ్బతింటారు. 15 నిమిషాల్లో ‘రెండు దశాంశాల్లో ఏది పెద్దదో ఎందుకో చెప్పగలగడం’ ఒక్కటే చాలు. దాన్ని ఇలా నడపొచ్చు.

మొదటి 2 నిమిషాలు: నమస్కారం తర్వాత పరిచయ ప్రసంగం లేకుండా బోర్డు మీద 0.4, 0.35, 0.307 రాసి, అన్నింటికంటే పెద్దది ఏదో ప్రతి ఒక్కరినీ కాగితం మీద రాయమనండి. చేతులెత్తనివ్వకండి. ఎత్తిస్తే వచ్చినవాళ్ల జవాబే వినిపిస్తుంది. 307 పెద్ద సంఖ్య కాబట్టి 0.307 అని కొందరు రాస్తారు.

తర్వాతి 5 నిమిషాలు: 100 గళ్ల చతురస్రం. 0.4 అంటే 40 గళ్లు, 0.35 అంటే 35. 0.307 అంటే 30 గళ్లు నిండి, 31వ గడిలో 10కి 7 వంతులు. రంగు వేశాక ఏది పెద్దదో పిల్లలే చెబుతారు. చుక్క తర్వాత మొదటి స్థానం నుంచి పోల్చాలన్న మాట అప్పుడు రావాలి, అంతకుముందు కాదు.

ఇక్కడే చాలామంది ఆపేస్తారు. మొదటి ప్రశ్నకు 0.4 అని సరిగ్గా రాసినవాళ్లలో ‘అంకెలు తక్కువుంటే పెద్దది’ అనుకుని రాసినవాళ్లూ ఉంటారు. జవాబు సరైనదే, ఆలోచన తప్పు. అందుకే తర్వాతి 5 నిమిషాల జంట పనిలో 0.5, 0.62 ఇవ్వండి, ఆ పిల్లలు 0.5 అంటారు. మీరు బెంచీల మధ్య తిరుగుతూ ఎవరి కాగితంలో ఏముందో చూసి, ఇద్దరిచేత కారణం చెప్పించండి. చివరి 3 నిమిషాలకు 0.7, 0.71, 0.709. మొదటి రకం పొరపాటు ఉన్నవాళ్లు 0.709 అంటారు, రెండో రకం వాళ్లు 0.7 అంటారు. రెండూ లేనివాళ్లే 0.71 రాస్తారు. కాగితాలు తీసుకుని, గదిలోంచి బయటికి వచ్చాక ప్యానెల్‌తో ‘ఇంతమందికి వచ్చింది, ఇంతమందికి ఇంకా ఇది అడ్డుపడుతోంది, రేపు దీనితో మొదలుపెడతాను’ అని చెప్పగలిగితే, డెమోలో మీరు చేయగలిగినంతా చేసినట్టే.

ప్రశ్న అడిగాక ఆగడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1970లలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు క్లాసుల రికార్డింగులు విని, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని గమనించారు. దాన్ని 3 సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, జవాబు చెప్పలేకపోవడం తగ్గింది. డెమోలో కంగారుకు ఆ ఒక్క సెకను కూడా మిగలదు, ప్రశ్న అడిగి జవాబు తామే చెప్పేస్తారు. మనసులో మూడు లెక్కపెట్టుకునే అలవాటు మైక్రోటీచింగ్ నాటి నుంచే పడాలి.

డెమో చెడిపోయే మరికొన్ని తీరులు: అందరూ కలిసి ‘అవును సార్’ అంటే అర్థమైందనుకోవడం. పవర్‌పాయింట్ మీద ఆధారపడి, అది తెరుచుకోకపోతే నిలబడిపోవడం. పిల్లవాడి తప్పు జవాబును వినీ విననట్టు దాటేసి పక్కవాణ్ణి అడగడం. ఈ చివరిది అన్నింటికంటే ఎక్కువ నష్టం చేస్తుంది. తప్పు జవాబు వచ్చినప్పుడు ‘ఎలా వచ్చిందో చెప్పు’ అని ఆగడంలో మీ శిక్షణ అంతా కనిపిస్తుంది. ఎదుట పెద్దవాళ్లే పిల్లలుగా కూర్చుంటే కూడా ఇవన్నీ చేయండి. ఊరికే ఉపన్యాసం ఇవ్వకుండా కాగితాలు పంచండి, రాయించండి, మధ్యలో తిరగండి.

దరఖాస్తులో, ఇంటర్వ్యూలో

రెజ్యూమెలో ‘టీచింగ్ ప్రాక్టీస్ విజయవంతంగా పూర్తి చేశాను’ అన్న వాక్యం వల్ల ఏమీ తెలియదు. ‘6 వారాలు, 24 పీరియడ్లు, 7వ తరగతి గణితం, 38 మంది, భిన్నాల యూనిట్ పూర్తిగా, ముందు, తర్వాత పరీక్షలు జతచేశాను’ అంటే తెలుస్తుంది. సెమినార్ల సర్టిఫికెట్ల జాబితా తగ్గించి ఆ చోటు దీనికివ్వండి. రిఫరెన్సు కోసం పెద్ద హోదా ఉన్నవారి దగ్గరికి కాకుండా, మీరు పాఠం చెబుతుండగా కనీసం 5 సార్లు చూసినవారి దగ్గరికి వెళ్లండి. ప్రాక్టీస్ చివరి వారంలోనే అడగాలి. ఆరు నెలల తర్వాత వాళ్లకు మీ పేరు గుర్తుంటుంది, పాఠం గుర్తుండదు.

ఇంటర్వ్యూ జవాబులకు సిద్ధాంతాల పేర్లు అడ్డు. ‘బ్లూమ్ వర్గీకరణ ప్రకారం’ అని మొదలుపెడితే అడిగినవారు వినడం మానేస్తారు. క్లాసులో ఏం జరిగింది, మీరు ఏం చేశారు, పిల్లల్లో ఏం మారింది, మళ్లీ అయితే ఏం మారుస్తారు, ఈ వరుసలో నిమిషంన్నరలో చెప్పండి. ‘యూనిట్ టెస్టులో మూడోవంతు పిల్లలు తప్పారు, ఏం చేస్తారు’ అంటే ‘రెమిడియల్ క్లాసు పెడతాను’ అనకండి. ఏ ప్రశ్నలో తప్పారో ముందు చూస్తాననండి. అందరూ ఒకే ప్రశ్నలో తప్పితే లోపం బోధనలోనో ప్రశ్నలోనో ఉంది. వేర్వేరు ప్రశ్నల్లో తప్పితే పిల్లలను విడివిడిగా చూడాలి.

ఒక ప్రశ్నలో మాత్రం తప్పు జవాబు అసలు చెల్లదు. ఒక పిల్ల మీ దగ్గరికొచ్చి ‘ఎవరికీ చెప్పనంటే ఒకటి చెబుతాను’ అంటే? పిల్లల భద్రతను పట్టించుకునే ఏ స్కూలైనా దీన్ని ఏదో రూపంలో అడుగుతుంది. రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకూడదు. సాయం చేయగలవాళ్లకు చెప్పాల్సి రావచ్చని ఆ పిల్లకు ముందే మెత్తగా చెప్పాలి. మధ్యలో ఆపకుండా, ఫలానావాళ్లేనా అని మాటలు అందించకుండా వినాలి. పిల్ల వాడిన మాటలతోనే, తేదీ, సమయంతో రాసుకుని, అదే రోజు స్కూల్లో దానికి బాధ్యులైనవారికి అప్పగించాలి. సొంతంగా విచారణ చేయకూడదు. శిక్షణలో ఇది చెప్పకపోతే మీరే అడిగి చెప్పించుకోండి. ఉద్యోగం కంటే ముఖ్యమైన సంగతి ఇది.

స్కూళ్లు కోరేదంతా మంచిదేనని కూడా అనుకోవద్దు. కొన్నిచోట్ల నిశ్శబ్దంగా ఉన్న క్లాసునే మంచి క్లాసంటారు, గలగలా మాట్లాడేవాళ్లనే మంచి టీచరంటారు. అలాంటి డెమోకు సిద్ధమవుతూ పిల్లల చేత మాట్లాడించడం మానుకోకండి. గొంతు స్పష్టంగా ఉండటం, బోర్డు మీద రాత వరుసగా ఉండటం, సమయానికి ముగించడం లాంటివి మీ బోధనకు అడ్డురాకుండా ఇవ్వగలిగినవి, ఇవ్వండి. అంతకుమించి మారమంటే ఆ స్కూలు మీకు సరిపడదు.

శిక్షణ ఇచ్చేవారికి

రెండు మార్పులు పెద్ద ఖర్చు లేకుండా చేయొచ్చు. మొదటిది, మైక్రోటీచింగ్ పాఠాల్లో ఒక విడతకు దగ్గర్లోని స్కూళ్లలో నియామకాలు చూసే ఇద్దరు ముగ్గురిని పిలిచి, మీ మార్కుల పట్టిక కాకుండా వాళ్ల పట్టికతో చూడమనండి. మీ పట్టికలో 9 వచ్చిన పాఠం వాళ్ల దగ్గర 5 ఎందుకైందో శిక్షణార్థుల ఎదుటే మాట్లాడుకోండి. రెండోది, నిరుడు వెళ్లిన బ్యాచ్‌ను ఉద్యోగంలో చేరిన 3 నెలలకు అడగండి: మొదటి నెలలో ఏ పని చేతకాక ఇబ్బందిపడ్డారు? చేరిన వారానికి అడిగితే జీతం, దూరం గురించి చెబుతారు. ఏడాది తర్వాత అడిగితే మరిచిపోయి ఉంటారు. వచ్చిన జవాబుల్లో ఎక్కువసార్లు కనిపించిన రెండింటికి వచ్చే ఏడాది సిలబస్‌లో పీరియడ్లు కేటాయించండి. వాటికోసం శిశు మనోవిజ్ఞానం పీరియడ్లు మాత్రం కోయకండి. ఇంటర్వ్యూలో దాని మీద ప్రశ్న రాకపోవచ్చు, కానీ క్లాసులో ఒక పిల్లవాడు ఉన్నట్టుండి మాట్లాడటం మానేసిన రోజున టీచరు చేతిలో ఉండేది అదొక్కటే.

చివరికి, ఉద్యోగం వస్తే సంతకానికి ముందు

వారానికి ఎన్ని పీరియడ్లు, ఎన్ని రకాల పాఠాలు తయారు చేసుకోవాలి, ఒక సెక్షన్‌లో ఎంతమంది, మొదటి ఏడాది మీ పాఠాలు చూసి చెప్పే సీనియర్ టీచరు ఎవరు, ప్రొబేషన్ ఎంతకాలం, మధ్యలో మానితే షరతులేమిటి. వీటన్నిటికీ రాతలో జవాబు తీసుకోండి. అసలు సర్టిఫికెట్లు స్కూలు తన దగ్గరే ఉంచుకుంటానంటే ఒప్పుకోకండి. సరిచూసుకోవడానికి చూపించి, నకళ్లు ఇవ్వండి. ఒకే పీరియడ్ల సంఖ్యకు రెండు తరగతుల పాఠాలు తయారు చేసుకోవడానికీ అయిదు తరగతులవి తయారు చేసుకోవడానికీ చాలా తేడా ఉంటుంది. మొదటి ఏడాదికి రెండు లేదా మూడు తరగతులకు మించకుండా ఇమ్మని అడగండి, అడిగితే సర్దుబాటు చేసే స్కూళ్లు ఉన్నాయి.